ఖాళీది తెస్తేనే కొత్తది

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనమందరం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో అదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇస్తూ, పెన్షన్ అనేది యజమాని దయతో విదిల్చే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తేల్చి చెప్పింది. ఈ సభలో మామూలుగా డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ప్లాస్టిక్ చెత్త మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నాకు తెలిసింది స్టాకు రిజిస్టరు. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

1978లో నాకు స్టేషనరీ సీటు ఇచ్చారు. ఆ సీటుకి ఒక కట్టుబాటు ఉండేది. బాల్‌పెన్ను రీఫిల్ కావలసినవారు ఇండెంటుతో పాటు అయిపోయిన పాత రీఫిల్ కూడా తెచ్చి ఇవ్వాలి. ఖాళీది తెస్తేనే కొత్తది. పెన్ను మాత్రం ఒక్కసారే ఇచ్చేవాళ్ళం. అది పోతే సంజాయిషీ రాయాలి. ఒకసారి మా సూపరింటెండెంటుగారే ఖాళీ రీఫిల్ లేకుండా వచ్చి, "ఏమోయ్, నాకు కూడానా?" అన్నారు. నేను నీళ్ళు నమిలాను. మా అటెండరు, నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు, "అయ్యగారూ, ఇంట్లో చొక్కా జేబులో ఉండి ఉంటుంది, రేపు తెండి" అన్నాడు. ఆయన నవ్వేసి మర్నాడు తెచ్చారు. ఆ ఖాళీ రీఫిళ్ళను యాభయ్యేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టేవాణ్ణి. ఆడిటువారు వచ్చినప్పుడు లెక్కపెట్టి చూపించేవాణ్ణి.

2001లో ఆ పద్ధతి పోయింది. వాడి పారేసే పెన్నులు బజారులోకి వచ్చాయి. చవక. రీఫిళ్ళ లెక్క రాసే బాధ లేదు, ఖాళీవి దాచే బాధ లేదు. "పాత పద్ధతి వలన సిబ్బంది కాలం వృథా అగుచున్నది. కావున వాడి పారవేయు పెన్నులు కొనుటకు అనుమతి కోరడమైనది" అని నోట్‌ఫైలు పెట్టిన గుమాస్తా ఎవరో కాదు, నేనే. మూడు రోజుల్లో ఆమోదం వచ్చింది. రెండు నెలల తరువాత ఒక సాయంత్రం మా అటెండరు చెత్తబుట్ట నా బల్ల దగ్గరికి తెచ్చి చూపించాడు. అందులో పదో పన్నెండో పెన్నులు. "బాబూ, ఇదివరకు వీటిని లెక్కపెట్టేవాళ్ళం, ఇప్పుడు ఊడుస్తున్నాం" అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు పట్టలేదు. ఇరవై ఏళ్ళు దాటాక పట్టింది. ఎలా పట్టిందో చెబుతాను.

2023 వానాకాలంలో మా వీధిలో ఒక రాత్రి రెండు గంటలపాటు కుండపోతగా వాన పడింది. మురిక్కాలవ పొంగి నీళ్ళు కింది వాటాల్లోకి వచ్చాయి. మా పక్కింటి మిత్రుడు, ఆయనా పెన్షనరే, చీకట్లో పెన్షన్ కాగితాల సంచి పైన పెడదామని లేచి, బురద నీటిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, మూడు నెలలు మంచం. ఈ రోజు ఆయన వాకరు పట్టుకుని వచ్చి ఈ సభలోనే కూర్చున్నారు. ఆయన అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను.

మర్నాడు పారిశుధ్య కార్మికులు వచ్చి గునపాలతో ఆ కాలవ తీశారు. నేను గట్టున నిలబడి చూశాను. మట్టి ఎంత ఉందో ప్లాస్టిక్ అంత ఉంది. పాల ప్యాకెట్లు, మంచినీళ్ళ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, చిప్స్ కవర్లు, సాంబారు కట్టి ఇచ్చిన సంచులు, వాటి మధ్య వాడి పారేసిన పెన్నులు. అవన్నీ మా వీధివే. మా ఇంటివి కూడా. ఎవరిని తిట్టాలి?

ఆ రోజు నుంచి నేను ఒక సంగతి గమనిస్తున్నాను. మిత్రులారా, మురిక్కాలవలో గ్యాస్ సిలిండరు పడి ఉండడం మీలో ఎవరైనా చూశారా? ఇనుము కదా, ఎవరు పారేస్తారు అంటారు. సరే, మంచినీళ్ళ ఇరవై లీటర్ల క్యానుంది. అది ప్లాస్టిక్కే. అది కాలవలో కనబడుతుందా? కనబడదు. దానికి డిపాజిట్టు కట్టాం. ఖాళీ క్యాను ఇస్తేనే నిండు క్యాను దించుతాడు. అదే నీరు పావు లీటరు ప్యాకెట్టులో వస్తే, తాగిన మరుక్షణం ఆ ప్యాకెట్టు రోడ్డు మీద ఉంటుంది. క్యానుకీ ప్యాకెట్టుకీ తేడా ప్లాస్టిక్‌లో లేదు. ఖాళీకి విలువ ఉందా లేదా అన్నదే తేడా. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. ఖాళీకి విలువ కడితే అది తిరిగి వస్తుంది. విలువ లేకపోతే కాలవలోకి పోతుంది.

మన తరానికి ఇది కొత్త కాదు. మన చిన్నప్పుడు పాలవాడు గుమ్మం ముందు మన గిన్నెలోనే కొలిచి పోసి, పైన కొసరు వేసేవాడు. కిరసనాయిలుకి డబ్బా, నూనెకి సీసా, చౌకధరల దుకాణానికి గోనెసంచి, హోటలులో సాంబారుకి క్యారియరు మనమే పట్టుకెళ్ళేవాళ్ళం. గోలీసోడా తాగి సీసా అక్కడే ఇచ్చేవాళ్ళం. కిరాణా కొట్లో పప్పూ ఉప్పూ కాగితంలో పొట్లం కట్టి పురికొస చుట్టేవారు. ఆ పురికొస కూడా ఇంట్లో ఉండకట్టి దాచేవారు. పర్యావరణం అనే మాట మనకి తెలియదు. ఖాళీకి విలువ ఉందని మాత్రం తెలుసు.

మరి చిన్న పొట్లం ఎలా వచ్చింది? మన పొరుగు రాష్ట్రంలోని కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయన, షాంపూ వంటివి పేదవాడు కూడా కొనుక్కోగలగాలంటే చిన్న పొట్లంలో అమ్మాలని తలచారు. ఆయన కుమారుడు రంగనాథన్ 1983లో చిక్ షాంపూ వ్యాపారం మొదలుపెట్టారు. ఆలోచన మంచిదే. సీసా కొనే స్తోమతు లేని ఇంటికి కూడా ఆ వస్తువు చేరింది. అయితే ఆ చరిత్రలో చాలామంది మరచిపోయిన ఒక ముచ్చట ఉంది. తన సరుకు జనానికి అలవాటు చెయ్యడానికి ఆయన ఒక పథకం పెట్టారు. ఏ కంపెనీవైనా సరే అయిదు ఖాళీ షాంపూ పొట్లాలు తెస్తే ఒక చిక్ పొట్లం ఉచితం. అది వ్యాపారపు ఎత్తే కావచ్చు. కానీ ఆ పథకం నడిచిన రోజుల్లో ఖాళీ పొట్లానికి విలువ ఉంది. విలువ ఉన్నదాన్ని ఎవరు పారేస్తారు? పథకం అయిపోయింది, విలువ పోయింది, పొట్లం మాత్రం మిగిలింది.

ఈ పొట్లాన్ని పాత సామాన్లవాడు ఎందుకు తీసుకోడు? మా వీధికి వచ్చే అతన్నే అడిగాను. "నీళ్ళ సీసా అయితే కిలోకి ఇంత అని ఇస్తారు సార్, ఇది ఎవడూ కొనడు" అన్నాడు. కారణాలు రెండు. ఒకటి, ఖాళీ పొట్లం గ్రాము కూడా సరిగా తూగదు. కిలో కావాలంటే వెయ్యికి పైగా ఏరాలి. రెండు, అది ఒక్క పదార్థం కాదు. లోపల ఒక ప్లాస్టిక్ పొర, మధ్యలో అల్యూమినియం పూత, పైన రంగులు అచ్చువేసిన ఇంకో ప్లాస్టిక్ పొర, అన్నీ కలిపి అతికించినవి. తడి, గాలి చొరకుండా అలా చేస్తారు. వాటిని మళ్ళీ విడదీయడం కష్టం, ఖర్చు. మనం కొనే చిప్స్ కవర్లు, కాఫీపొడి పొట్లాలు చాలావరకు ఇలాంటివే.

ఇక అంకెలు. ఎక్కువ చెప్పి విసిగించను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం 2020-21లో మన దేశంలో పోగైన ప్లాస్టిక్ వ్యర్థం సుమారు 41 లక్షల టన్నులు. ప్రపంచం సంగతి చూస్తే, 2017లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక పెద్ద లెక్క కట్టారు. 1950 నుంచి 2015 వరకు తయారైన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు. అందులో 630 కోట్ల టన్నులు చెత్తగా మారింది. ఆ చెత్తలో రీసైకిలైనది 9 శాతం, కాల్చినది 12 శాతం. మిగిలిన 79 శాతం నేలమీదో నీళ్ళలోనో ఉంది. ప్రారంభ నిల్వ, రాక, పోక, ముగింపు నిల్వ రాసిన చేతితో ఈ లెక్క చూస్తే నాకు భయం వేసింది. రాక తప్ప పోక లేని రిజిస్టరు ఇది.

అయితే శాస్త్రజ్ఞులు ఏమీ చెయ్యడం లేదా? చేస్తున్నారు. మూడు సంగతులు చెబుతాను. వాటి బలమూ చెబుతాను, పరిమితీ చెబుతాను.

మొదటిది సీసాల సంగతి. నీళ్ళ సీసా అడుగున బాణాల త్రికోణంలో 1 అనే అంకె చూడండి. దాన్ని పెట్ అంటారు. దీన్ని ఏరి, కడిగి, ముక్కలు చేసి, కరిగించి దారం తీస్తారు. 2015లో మన క్రికెట్ జట్టు వేసుకున్న దుస్తులు ఇలాంటి దారంతో చేసినవే. ఒక్కో జతకి సగటున 33 సీసాలు పట్టాయని చెప్పారు. 2023 ఫిబ్రవరిలో ఇండియన్ ఆయిల్ సంస్థ పెట్రోలు బంకుల్లో పనిచేసేవారికీ, గ్యాస్ సిలిండరు తెచ్చే కుర్రవాళ్ళకీ ఇటువంటి గుడ్డతో యూనిఫారాలు ప్రకటించింది. జతకి సుమారు 28 సీసాలన్నారు. మంచి పని. అయితే సీసా చొక్కా అయ్యింది గాని, ఆ చొక్కా చిరిగితే మళ్ళీ సీసా కావడం చాలా అరుదు. అది ఒక మెట్టు దిగడం. సీసాను మళ్ళీ సీసాగానే చెయ్యడం అసలైన విద్య. అందుకు శుభ్రంగా ఏరాలి, వేడినీటిలో కడగాలి, అధిక ఉష్ణోగ్రతలో లోపలి మలినాలు పోగొట్టాలి. మన దేశంలో ఆహార పదార్థాల ప్యాకింగుకి అలా శుద్ధిచేసిన ప్లాస్టిక్ వాడడానికి నిబంధనలకు లోబడి 2022లో వీలు కల్పించారు.

రెండవది ప్లాస్టిక్ రోడ్డు. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల రసాయన శాస్త్ర ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ కనిపెట్టిన పద్ధతి. కంకరను 170 డిగ్రీల దాకా వేడిచేసి, దానిమీద సన్నగా తురిమిన ప్లాస్టిక్ చల్లితే అది కరిగి ప్రతి రాయికీ పూతలా పట్టుకుంటుంది. ఆపైన తారు కలుపుతారు. నీరు లోపలికి ఇంకదు, తారు కొంత ఆదా అవుతుంది. పనికిరావనుకున్న కవర్లు, పలుచటి పొరలు కూడా ఇందులో వాడవచ్చు. 2002లో వారి కళాశాల ఆవరణలోనే మొదటి రోడ్డు వేశారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గొప్ప ఆలోచన. కాని ప్రతి ప్లాస్టిక్కూ పనికిరాదు. పి.వి.సి. కలిస్తే విషవాయువులు వస్తాయి. పైగా పొట్లాలను ఎవరో ఏరి, మట్టి దులిపి, తురిమే యంత్రం దాకా చేర్చాలి. ఆ ఏరేవాళ్ళకి కూలి గిట్టకపోతే ఎంత గొప్ప కనిపెట్టుడైనా కళాశాల గేటు దాటదు.

మూడవది చట్టం. ఇది మన గుమాస్తాల రంగం కాబట్టి కొంచెం నిలబడి చెబుతాను. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో, రీసైకిలు చెయ్యడానికి వీల్లేని బహుళపొరల ప్లాస్టిక్‌ను రెండేళ్ళలో తొలగించాలని రాశారు. చదివినవాడికి మన పొట్లం పోతుందనే అనిపిస్తుంది. 2018 మార్చిలో సవరణ వచ్చింది. రీసైకిలు చెయ్యడానికి గాని, ఇంధనశక్తి రాబట్టడానికి గాని, మరే ఇతర వాడుకకు గాని వీల్లేనిది అని మాటలు చేర్చారు. సిమెంటు బట్టీలో కాల్చినా ఇంధనశక్తే కదా! అంటే ద్వారం మళ్ళీ తెరుచుకుంది. నోట్‌ఫైల్లో ఒక్క 'లేదా' ఎంత పని చేస్తుందో మనకి తెలియనిదా?

2022 ఫిబ్రవరిలో ఇంకొక మంచి అడుగు పడింది. ప్లాస్టిక్‌లో సరుకు అమ్మే కంపెనీయే ఆ ఖాళీకి బాధ్యత వహించాలని మార్గదర్శకాలు ఇచ్చారు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, సీసాల తయారీలో 2025-26కి 30 శాతం, 2028-29కి 60 శాతం పాత ప్లాస్టిక్ వాడాలని లక్ష్యం పెట్టారు. డబ్బాను మళ్ళీ వాడే విషయంలో, 4.9 లీటర్లకు మించినవాటిలో 70 శాతం, 0.9 నుంచి 4.9 లీటర్ల వాటిలో 10 శాతంతో 2025-26లో మొదలుపెట్టి ఏటా పెంచాలని రాశారు. బాగుంది. కాని 0.9 లీటరు కంటే చిన్నవాటికి మళ్ళీ వాడాలన్న లక్ష్యమే లేదు. మన కాలవను పూడ్చింది ఆ చిన్నవే. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, పళ్ళాలు, గ్లాసుల వంటివి నిషేధించారు. షాంపూ పొట్లం ఆ జాబితాలో లేదు.

ఇంతా చెప్పాక మళ్ళీ నా మాటకే వస్తాను. చట్టం ఒక వైపు, యంత్రం ఒక వైపు. మధ్యలో ఖాళీకి విలువ ఉండాలి. ఉంటే ఏమవుతుందో మన చుట్టుపక్కలే చూడవచ్చు.

తమిళనాడు నీలగిరుల్లో తాగి పారేసిన మద్యం సీసాలు అడవిలో పగిలి ఏనుగుల కాళ్ళలో గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళింది. 2022 మే నెల నుంచి అక్కడ సీసాకి 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ పది వాపసు ఇస్తున్నారు. సీసాలు పెద్దయెత్తున తిరిగి వచ్చాయి. తరువాత ఆ పద్ధతిని ఇతర జిల్లాలకూ విస్తరించారు. 2025 సెప్టెంబరులో కేరళ ప్రభుత్వం కొన్ని దుకాణాల్లో ప్లాస్టిక్ మద్యం సీసాల మీద 20 రూపాయల డిపాజిట్టు మొదలుపెట్టింది. చూడండి, తాగి తూలేవాడు కూడా పది రూపాయల కోసం సీసా భద్రంగా తెస్తున్నాడు. పాలు తాగే మనవల్లకాదా?

మద్యం మాట ఎత్తాను కాబట్టి దేవుడి మాటతో శుద్ధి చేసుకుంటాను. తిరుమల కొండమీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఆపేశారు. గాజు సీసాలో నీళ్ళు అమ్ముతారు. ఖాళీ సీసా తిరిగి ఇస్తే కొంత సొమ్ము వాపసు ఇస్తారు. జలప్రసాదం కుళాయిల దగ్గర మన సీసా మనం నింపుకోవచ్చు. అంత జనసమ్మర్దంలో సాధ్యమైనది మన వీధిలో ఎందుకు కాదు?

ఇక్కడ మీలో కొందరు నాకు అడ్డు చెప్పదలచుకున్నారని తెలుసు. మా ఇంటావిడే ముందు చెప్పింది. "విడి నూనె తెచ్చుకోమంటారా? కల్తీ ఎవరు చూడొచ్చారు?" అంది. ఆ మాట నిజం. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, కాళ్ళు వాచే జబ్బు వచ్చి అరవైమందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే వంటనూనెలు ప్యాకింగులోనే అమ్మాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి విడి నూనె కొనమని నేను చెప్పను. ప్యాకింగు మనకు చేసిన మేలు కూడా ఉంది. పాలు, మందులు కలుషితం కాకుండా అందుతున్నాయి. నేను అడిగేది వేరు. నూనె లీటరు ప్యాకెట్లు అయిదు కొనే బదులు అయిదు లీటర్ల డబ్బా కొనండి. షాంపూ పొట్లాలు ముప్పై బదులు ఒక సీసా. చేతులు కడిగే సబ్బునీళ్ళకి కొత్త సీసా కాక, పెద్ద రీఫిల్ ప్యాకెట్టు తెచ్చి పాత సీసాలోనే నింపుకోండి. రీఫిల్ ప్యాకెట్టూ ప్లాస్టిక్కే. కాకపోతే గట్టి సీసా, పైన పంపుమూత కంటే దానికి పట్టే ప్లాస్టిక్ బాగా తక్కువ.

రెండో అడ్డంకి మన వయస్సు. మోకాళ్ళ నొప్పులు, బరువు మోయలేం, మూత తియ్యడానికే వేళ్ళు సహకరించవు. ఇదీ నిజమే. అయిదు లీటర్ల డబ్బా పైనుంచి వంచడం డెబ్బై అయిదేళ్ళ చేతులకు తేలిక కాదు. మా ఇంట్లో దుకాణం కుర్రవాడే తెచ్చి మా స్టీలు క్యానులో వంచి వెళతాడు. ఖాళీ డబ్బా అతనికే ఇచ్చేస్తాం. అడిగితే చేస్తారు, అడగడం మానేశాం అంతే.

మూడోది మన మందుల సంచి. మందుల రేకులు అల్యూమినియం, ప్లాస్టిక్ కలిసినవి. వాటికి ప్రస్తుతం మన చేతిలో దారి తక్కువ. ఇన్సులిన్ తీసుకునే మిత్రులకు మాత్రం ఒక మాట. అయిపోగానే మొత్తం పారేసే పెన్నులు కొన్ని ఉన్నాయి, లోపలి గొట్టం మాత్రం మార్చి ఏళ్ళ తరబడి వాడే పెన్నులు కొన్ని ఉన్నాయి. మీకు ఏది సరిపడుతుందో డాక్టరుగారినే అడగండి. మీ అంతట మీరు మార్చవద్దు. సూదులు మాత్రం ఎప్పుడూ విడిగా గట్టి డబ్బాలో వేసి, దానిమీద రాసి ఇవ్వండి. మన చెత్త ఏరే చేతికి గుచ్చుకోకూడదు.

పాల ప్యాకెట్టు గురించి చిన్న చిట్కా. మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క పూర్తిగా ఊడిపోకుండా, ప్యాకెట్టుకే వేలాడేలా కత్తిరించండి. ఊడిన ముక్క చీపురుకి అందదు, ఏరేవాడికి కనపడదు, నేరుగా కాలవకి పోతుంది. ప్యాకెట్టును కడిగి, తిరగేసి ఆరబెడితే వాసన రాదు. అలాంటి శుభ్రమైన పాల ప్యాకెట్లను పాత సామాన్లవాడు కొంటాడు. అదే ప్యాకెట్టు కూరగాయల తొక్కుతో కలిస్తే దాని విలువ సున్న. తేడా మన వంటింట్లో అరనిమిషం పని.

ఇప్పుడు మన సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. సభ్యులు చర్చించి తీర్మానించ ప్రార్థన.

ఒకటి. మన సమావేశాలకు మంచినీళ్ళ ప్యాకెట్లు, చిన్న సీసాలు ఇకపై కొనవద్దు. వంద స్టీలు గ్లాసులు, రెండు పెద్ద క్యాన్లు సంఘం నిధితో కొందాం. గ్లాసులు కడిగే మనిషికి కూలి ఇద్దాం. ఈ రోజు కూడా ఈ హాలులో మీ కుర్చీల కింద ఖాళీ ప్యాకెట్లు ఉన్నాయి. నేను వేదిక మీదినుంచి చూస్తూనే ఉన్నాను.

రెండు. మన కార్యాలయం వరండాలో ఒక పెట్టె పెడదాం. సభ్యులు కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు, సీసాలు అందులో వెయ్యాలి. నెలకొకసారి తూకం వేసి అమ్మిన సొమ్ములో సగం, మన వీధుల్లో చెత్త ఏరే ఆడవాళ్ళకు ఇద్దాం. దానికి స్టాకు రిజిస్టరు నేను రాస్తాను. ఖర్చులేని గుమాస్తా దొరికాడనుకోండి.

మూడు. మన పట్టణంలో పెద్ద దుకాణాల వారికీ, మనం వాడే సరుకుల కంపెనీల వారికీ సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరాలు రాద్దాం. ఖాళీ డబ్బా తెచ్చినవారికి ధరలో ఎంతోకొంత తగ్గించండి, రీఫిల్ అమ్మండి, చిన్న పొట్లాలకూ వాపసు విలువ పెట్టండి అని. అర్జీ రాయడం మనకంటే బాగా ఎవరికి వచ్చు? జవాబు రాకపోతే రిమైండరు, దానికీ రాకపోతే ఇంకో రిమైండరు. డి.ఆర్. కోసం ఎన్ని రాశామో అన్ని రాద్దాం.

చెత్త ఏరే ఆడవాళ్ళ మాట ఎత్తాను. అది చెప్పి ముగిస్తాను. తెల్లవారుజామున మా వీధికి ఒకామె గోనె భుజాన వేసుకుని వస్తుంది. అరవై దాటి ఉంటాయి. మనం పారేసినదాంట్లో విలువ ఉన్నది వెతికి తీసేది ఆమే. మన దేశంలో ప్లాస్టిక్ తిరిగి కర్మాగారానికి చేరుతోందంటే అందులో ఎక్కువ భాగం ఇలాంటి చేతుల మీదుగానే. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో వీరిని గుర్తించాలని, గుర్తింపు కార్డులివ్వాలని రాశారు. ఆమెను అడిగాను, కార్డు ఉందా అమ్మా అని. "ఏం కార్డు బాబూ?" అంది. మనకు నకారా తీర్పు ఉంది. నెల మొదటి తేదీన పెన్షన్ పడుతుంది. ఆమె ఎన్నాళ్ళు సేవ చేసినా ఆమెకు ఏ ఒకటో తేదీ లేదు. కడిగిన ప్యాకెట్టు ఆమె చేతికి ఇవ్వడం దానం కాదు. అది ఆమె పనికి మనం కట్టే విలువ.

రిటైరయ్యే రోజున మనందరం నో డ్యూస్ సర్టిఫికెట్టు తీసుకున్నాం. బీరువా తాళాలు, రబ్బరు స్టాంపులు, లైబ్రరీ పుస్తకాలు అన్నీ లెక్క ఒప్పజెప్పాకే కాగితం మీద సంతకం పెట్టారు. ఆ వాడి పారేసే పెన్నుల లెక్క మాత్రం నన్నెవరూ అడగలేదు. అవి ఎక్కడున్నాయో 2023లో కాలవగట్టు మీద చూశాను. ఆ బాకీలో కొంతైనా తీర్చుకుందామని ఈ వయస్సులో మళ్ళీ రిజిస్టరు పట్టుకుంటున్నాను. మీరందరూ తలా ఒక పంక్తి రాయించండి.

చివరిగా, నా చొక్కా జేబులో ఉన్న ఈ పెన్ను చూడండి. దీనికి రీఫిల్ మారుస్తూ నాలుగేళ్ళుగా వాడుతున్నాను. ఖాళీ రీఫిళ్ళు ఇంట్లో రబ్బరు బ్యాండు వేసి దాచాను. ఆడిటువారు ఎప్పుడొచ్చినా చూపించగలను.

వెళ్ళేటప్పుడు కుర్చీ కింది ప్యాకెట్టు మీతో తీసుకువెళ్ళండి. సెలవు.